అనంతగిరి నడక ఇంటిల్లిపాదికీ

ఆదివారం పూట వికారాబాద్ దాటి అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కే వాహనాలలో మన పటాన్‌చెరు, కర్దనూర్, ముత్తంగి, రామచంద్రాపురం ప్రాంతాల ముస్లిం కుటుంబాలు కూడా ఈ మధ్య కనిపిస్తున్నాయి. ఇది సంతోషించదగిన మార్పు. అయితే వాహనం ఆగిన తర్వాత జరిగేది కాస్త గమనించండి. మగపిల్లలు ముందుగా దూకి అడవి బాట పడతారు. వారి వెనుక తండ్రులు, బాబాయిలు. తల్లులు, అక్కచెల్లెళ్ళు, నానీలు, దాదీలు మాత్రం రోడ్డు పక్కన చాప పరిచి, టిఫిన్ గిన్నెలను చుట్టూ పేర్చుకుని, వాటిని కోతుల బారి నుండి కాపాడుతూ కూర్చుంటారు. రెండు మూడు గంటలకు మగవాళ్ళు చెమటలు కక్కుతూ, ఆకలితో తిరిగివస్తారు. వడ్డన మొదలవుతుంది. వంటింటి పని కొండ మీదికి మారింది, అంతే. ఆ స్త్రీలకు కొండ దక్కలేదు.

కొండను ఇంటిల్లిపాదికీ దక్కించుకోవడం ఎలాగన్నదే ఈ వ్యాసంలో విషయం.

మన ఇళ్ళ చుట్టూ ఉన్న గాలి

కర్దనూర్ ఒకప్పటి వ్యవసాయ గ్రామం. ఇప్పుడు దాని ఒక పక్క ఔటర్ రింగు రోడ్డు, మరొక పక్క కొత్త వెంచర్ల రాళ్ళు, మధ్యలో కర్మాగారాలలో పనిచేసేవారు అద్దెకుండే గదులు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల నుండి విస్తరిస్తూ వచ్చింది. అన్నం పెట్టిన ఆ వాడే నీటిని, గాలిని ఏం చేసిందో ఈ ప్రాంతపు పెద్దలకు కొత్తగా చెప్పనక్కరలేదు. పరిశ్రమల వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరా వైపు సాగిన కథ 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. స్థానిక వైద్యులు డాక్టర్ అల్లాని కిషన్ రావు వంటివారు దశాబ్దాల పాటు ఈ విషయమై పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించగా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఆ లెక్క ప్రపంచ శాస్త్రవేత్తలందరినీ మన ఊరి పేరు పలికేటట్లు చేసింది. ఇటువంటి కీర్తిని ఏ ఊరూ కోరుకోదు.

ఈ పరిసరాలలో నడక ఎక్కడ? ఇక్రిశాట్ ఆవరణ పచ్చగానే ఉంటుంది గానీ అది 1972లో ఏర్పడిన పరిశోధనా క్షేత్రం, విహారస్థలం కాదు. సర్వీసు రోడ్డు మీద లారీలు. వీధిలో ఎదురింటివారి చూపులు. పురుషుడు డ్యూటీకని, మసీదుకని, బజారుకని రోజుకు నాలుగుసార్లయినా గడప దాటతాడు. షిఫ్టుకు వెళ్ళే భర్తకు తెల్లవారుజామున డబ్బా కట్టి, పిల్లలను బడికి పంపి, మధ్యాహ్నం నిద్రపోయే రాత్రి షిఫ్టు మనిషి లేవకుండా ఇంట్లో సవ్వడి చేయక తిరిగే ఇల్లాలికి ఆకాశం కనిపించేది బట్టలు ఆరవేసే డాబా మీదనే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని అంచనా కట్టింది. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి శ్రమ కలిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళలో ఎందరు స్త్రీలకు ఆ 150 నిమిషాలు దొరుకుతున్నాయి? ఇంటి పనే వ్యాయామమని సరిపెట్టుకునే మాట వినడానికి బాగుంటుంది గానీ, మోకాళ్ళ నొప్పులతో డాక్టరు గది ముందు వరుస కట్టినవారిని చూస్తే ఆ మాటలో బలం కనిపించదు.

నీరు పుట్టే కొండ

కర్దనూర్ నుండి శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్ వెళ్తే, అక్కడి నుండి ఐదారు కిలోమీటర్లలో అనంతగిరి. మొత్తం ప్రయాణం అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. సొంత వాహనం లేనివారికి లింగంపల్లి నుండి రైలుంది. సికింద్రాబాద్, వాడి స్టేషన్లను కలుపుతూ నిజాం రాజ్యంలో 1874లో వేసిన రైలుమార్గమే ఇది. వికారాబాద్ అన్న పేరు కూడా పాయిగా వంశీయుడు, హైదరాబాద్ రాజ్య ప్రధానిగా పనిచేసిన నవాబ్ వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చింది. ఫలక్‌నుమా భవనాన్ని కట్టించినవాడూ ఆయనే. భవనాన్ని చూడడానికి ఎంతోమంది వెళ్తారు. ఆయన పేరు మోస్తున్న ఊరి పక్కనున్న అడవి విలువ తెలిసినవారు తక్కువ.

హిమాలయాల లెక్కలో అనంతగిరిని కొండ అని కూడా అనరు. దాని గొప్పతనం ఎత్తులో లేదు, దాని తల మీది రాతిలో ఉంది. అడుగున దక్కను పీఠభూమిలో చాలా మేర పరచుకున్న నల్లటి బసాల్టు రాయి. దాని పైన టోపీ పెట్టినట్లు లాటరైట్ అనే ఎర్రరాయి పొర. నడిచేటప్పుడు కాలి కింద కనిపించే ఇటుక రంగు నేల అదే. ఈ ఎర్రరాయి స్పాంజిలాగా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. వానాకాలంలో కురిసిన నీటిని పీల్చుకుని, అడుగున గట్టిరాయి తగలగానే పక్కలకు ఊటలుగా వదులుతుంది. చెట్ల వేళ్ళు, రాలిన ఆకుల మెత్తదనం వాన వేగాన్ని తగ్గించి నీటికి లోపలికి ఇంకే వ్యవధి ఇస్తాయి. అడవిని తీసేస్తే అదే వాన గంటలో వాగై, మట్టిని మోసుకుని దిగువకు పోతుంది.

ఆ ఊటలే మూసీ నది. హైదరాబాద్ వంతెనల కింద ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నదీ ఇదే నది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మనం గండిపేట అని పిలిచే చెరువులో ఒకప్పుడు నగరం దాహం తీర్చిన నీరు, అంతకు ముందు ఈ ఎర్రరాతి చిల్లులలో నిలిచిన నీరే. ఒక విచిత్రం కూడా ఉంది. మన పటాన్‌చెరు వాగుల నీరు మంజీరా ద్వారా గోదావరిలో కలుస్తుంది. గంటన్నర ప్రయాణ దూరంలోని అనంతగిరి నీరు మూసీ ద్వారా కృష్ణలో కలుస్తుంది. ఆ గంటన్నరలో మనం రెండు మహానదుల మధ్య గట్టును దాటుతున్నాము. పిల్లలకు భూగోళ పాఠం ఇంతకన్నా చవకగా ఏ బడీ చెప్పలేదు.

కొండ మీద క్షయ రోగుల ఆసుపత్రి ఉండడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనక ముందు క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఇవే చికిత్స. అందుకే ప్రపంచమంతటా అటువంటి ఆసుపత్రులను అడవుల మధ్య, కొండల మీద కట్టేవారు. మందులు వచ్చాక గాలిని నమ్ముకోవలసిన అవసరం తీరిపోయిందనుకున్నారు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి ఆసక్తికరమైన సంగతి ప్రకటించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవారిలో, కిటికీ నుండి చెట్లు కనిపించే గదిలో ఉన్నవారు ఇటుక గోడ మాత్రమే కనిపించే గదిలో ఉన్నవారికన్నా త్వరగా ఇంటికి వెళ్ళారు. బలమైన నొప్పి మందులు కూడా తక్కువగా వాడారు. కిటికీలోంచి చూస్తేనే అంత మేలు జరిగితే, వాటి నడుమ నడిస్తే ఎంతో ఊహించుకోవచ్చు. జపాను అటవీశాఖ 1982లోనే అడవిలో నెమ్మదిగా తిరగడానికి ‘అడవి స్నానం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టి ప్రజలను ప్రోత్సహించింది. మన నానీలు వేపచెట్టు కింద మంచం వేసుకున్నప్పుడు ఆ పేరు తెలియదు గానీ, పని అదే.

సఫా మర్వాల సంగతి

“ఆడవాళ్ళను అడవిలోకి ఎందుకు భాయ్, రోడ్డు దగ్గర నీడలో కూర్చోబెడితే సరిపోదా?” గత శీతాకాలంలో మా వాడ నుండి నాలుగు కుటుంబాలు బయలుదేరుతున్నప్పుడు ఒక పెద్దమనిషి వెలిబుచ్చిన సందేహమిది. ఆయన కోపంతో అనలేదు, వారి క్షేమం కోరే అన్నారు. జవాబు మాత్రం వెనుక సీటు నుండి, ఆయన వదినగారి నుండి వచ్చింది.

“మరి సఫా మర్వాల దగ్గర మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతారు?”

వాహనంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఆ పెద్దమనిషి కూడా.

నవ్వుతో ముగించవలసిన మాట కాదది. ప్రపంచం నలుమూలల నుండి వచ్చే యాత్రికులు, పురుషులైనా స్త్రీలైనా, సఫా మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడిచేది ఒక తల్లి అడుగుజాడలలోనే. పసివాడి దాహం తీర్చడానికి హజ్రత్ హాజిరా (అలై) ఒక గుట్ట ఎక్కి చూసి, దిగి, పరుగెత్తి, మరొక గుట్ట ఎక్కారు. ఆమెను నీడలో కూర్చోమన్నవారు ఎవరూ లేరు. దైవప్రవక్త (స) దివ్యావతరణకు ముందు ఏకాంత ఆరాధన కోసం ఎక్కింది హిరా కొండ. మక్కాలో ఆ కొండను చూసి వచ్చిన హాజీలకు దాని నిటారుతనం తెలుసు. ఆయన తినుబండారాలు వెంట తీసుకుని వెళ్ళేవారని, అవి అయిపోతే హజ్రత్ ఖదీజా (రజి) వద్దకు వచ్చి మళ్ళీ తీసుకువెళ్ళేవారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఆయన ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్న సంఘటన కూడా హదీసు గ్రంథాలలో ఉంది. ఒకసారి ఆమె గెలిచారు, కొంతకాలం తర్వాత ఆయన గెలిచి, అప్పటిదానికి ఇది చెల్లు అని సరసమాడారు. భార్యతో బహిరంగ ప్రదేశంలో ఆరోగ్యకరమైన వినోదం ఆ మహనీయునికి చిన్నతనం కాలేదు. మనకు ఎందుకు కావాలి?

ఇందులో ఇంకొక ముఖ్య విషయముంది. ఒక్క సయీలోనే మూడు కిలోమీటర్లకు పైబడిన నడక ఉంటుంది. తవాఫ్ వేరు, మినాలో గుడారాల నుండి జమరాత్ వరకు రాకపోకలు వేరు. ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకుని, అరవై దాటాక ఉమ్రాకో, హజ్‌కో వెళ్ళే మన తల్లులలో చాలామంది అక్కడ మొదటి రోజే కాళ్ళు వాచి చక్రాల కుర్చీ వెదుక్కుంటారు. డబ్బు కూడబెట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కాళ్ళను సిద్ధం చేయడానికి ఇరవై వారాలు కూడా కేటాయించలేదు. మాతో వచ్చిన వారిలో ఒక నానీ ఉమ్రాకు పేరు ఇచ్చి ఉన్నారు. ఎక్కుడులో మనుమరాలు ఆగి, “కాసేపు కూర్చుంటారా నానీ?” అని అడిగింది. “కూర్చుంటే మళ్ళీ లేవలేనమ్మా, మెల్లగా నడుస్తూనే ఉంటాను” అన్నారావిడ. అన్నట్లే అందరికన్నా వెనుకగా, ఎక్కడా కూలబడకుండా పైకి చేరారు.

బాట ఎలా ఉంటుంది

అనంతగిరి నడకలో గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి, వాహనం మనల్ని పైకి తీసుకువెళ్ళి దింపుతుంది. చాలా బాటలు అక్కడి నుండి లోయలోకి దిగుతాయి. అంటే ఉత్సాహం నిండుగా ఉన్నప్పుడు దిగుడు, అలసిపోయాక ఎక్కుడు. మామూలు కొండకు ఇది తలకిందులు. దిగేటప్పుడు పిల్లలు పరుగెత్తుకుపోతారు, నీళ్ళన్నీ తాగేస్తారు. సగం నీరు తిరుగు దారికి ఉంచాలన్నది ముందే చెప్పి, ఒక పెద్దవారి సంచిలో వేరుగా దాచండి. మనిషికి రెండు లీటర్లు ఎక్కువ కాదు. ప్రవక్త సహచరులు ఎత్తుకు ఎక్కేటప్పుడు తక్బీర్, పల్లానికి దిగేటప్పుడు తస్బీహ్ పలికేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. ఇక్కడ ఆ క్రమంలో తస్బీహ్ ముందు వస్తుంది. పిల్లలకు ఇది ఆటలాగా నచ్చుతుంది, ఊపిరికీ ఒక లయ దొరుకుతుంది.

అడవి ఆకురాల్చే రకం. టేకు, మద్ది, మోదుగ, తుమికి, ఉసిరి, సీతాఫలం. బీడీ ఆకు ఈ తుమికి చెట్టుదేనని చెబితే పట్నంలో పెరిగిన పిల్లలు నమ్మరు. వానలు కురిసిన తర్వాత, అంటే ఆగస్టు, సెప్టెంబరులలో పచ్చదనం కళ్ళు చెదరగొడుతుంది గానీ ఎర్రమట్టి జారుతుంది, గడ్డిలో పాములుంటాయి. చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబానికి అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మార్చిలో ఆకు రాలి నీడ పోతుంది. అయితే అప్పుడు మోదుగ పూస్తుంది. ఆకు లేని కొమ్మల మీద నిప్పు రంగు పూలు చూడడానికి ఒక్క పూట ఎండను ఓర్చుకోవచ్చని నా అభిప్రాయం. నెమలి అరుపు తెల్లవారుజామున తప్పక వినిపిస్తుంది, మనం నోరు మూసుకుంటే. స్పీకరు పెట్టె మోసుకువచ్చి పాటలు వేసేవారికి అది ఎప్పటికీ వినిపించదు.

ఇక దుస్తుల సంగతి. నేల తాకే బుర్ఖా అంచు ముళ్ళకు తగులుకుంటుంది, దిగుడులో కాలి కింద పడుతుంది. పరదాకు లోటు రాకుండానే చీలమండ దాకా ఉండే వదులైన అబాయా గానీ, పొడవైన కమీజు, సల్వారుతో పెద్ద దుపట్టాను పిన్నులతో బిగించుకోవడం గానీ నడకకు తగినది. పలచటి నూలు బట్ట మేలు. కాళ్ళకు చెప్పులు వద్దు, వెనుక మడమ మూసి ఉండే కాన్వాస్ బూట్లు వేయించండి. మగపిల్లలకు ఆరు వందల రూపాయల బూట్లు కొని ఆడపిల్లను చెప్పులతో తీసుకువచ్చే తండ్రులు కొందరున్నారు. ఆ పిల్ల రోడ్డు దగ్గరే ఆగిపోతే తప్పు కొండది కాదు.

ఎవరూ పైకి చెప్పని అడ్డంకి మరొకటి ఉంది. మరుగుదొడ్డి. స్త్రీలు నీళ్ళు తాగడం మానేసి, నడవడం మానేసి, “మీరు వెళ్ళిరండి” అనడానికి సగం సందర్భాలలో ఇదే కారణం. కాబట్టి వికారాబాద్ పట్టణంలోనో, కొండ మీద పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు వద్దనో ముందే ఆగి, స్త్రీలకు తొందర లేకుండా సమయమివ్వండి. దారిలో, నీడలో మలమూత్ర విసర్జన చేయడాన్ని ప్రవక్త (స) శాపం తెచ్చిపెట్టే పనిగా హెచ్చరించారు. అడవి బాటకు ఈ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది.

నమాజ్‌కు ఇబ్బంది లేదు. భూమి అంతా మనకు నమాజు స్థలంగా చేయబడింది. ఇక్కడి నుండి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఒక్క ముద్, అంటే లీటరులో సుమారు రెండు వంతులు, నీటితో ప్రవక్త (స) వుజూ పూర్తి చేసేవారు. మనం కొళాయి విప్పి బకెట్ పోసుకునే అలవాటును ఆ ఒక్క రోజైనా పక్కన పెడితే సీసా నీరు ఇద్దరికి సరిపోతుంది. ఖస్ర్ విషయమై కొందరికి సందేహం ఉంటుంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల ప్రయాణం ఉండాలని ఉలమాలు లెక్కిస్తారు. కర్దనూర్ నుండి అనంతగిరి అంతకు తక్కువే కనుక జుహ్ర్, అస్ర్ పూర్తిగానే చదవాలి. హైదరాబాద్ అవతలి నుండి వచ్చేవారు తమ ఇమామును అడిగి తెలుసుకోవడం మంచిది. శుక్రవారం వెళ్ళేవారు జుమా వేళకు వికారాబాద్ పట్టణానికి దిగేలా చూసుకోవాలి.

తిండి ఇంటి నుండే. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. పొయ్యి పెట్టి దేగ్చా ఎక్కించే పిక్నిక్ అలవాటు ఇక్కడ కుదరదు, కుదరనందుకు నేనైతే సంతోషిస్తాను. పొయ్యి వెలిగితే దాని ముందు ఎవరు కూర్చుంటారో మనకు తెలుసు. ఖీమా పెట్టిన రొట్టెలు, ఉడికించిన గుడ్లు, ఖర్జూరాలు, నారింజలు చాలు. ఎవరి పొట్లం వారి సంచిలో ఉంటే గిన్నెలకు కాపలా అక్కరలేదు, కాపలాదారూ అక్కరలేదు. కోతులకు పెట్టకండి. చేతి సంచిని లాక్కునే కోతిని తయారు చేసింది మన బిస్కెట్ ముక్కే. ఎముకలు, ప్లాస్టిక్ కవర్లు ఇంటికి తిరిగి తీసుకురండి. దారిలో నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం సదఖా అని చిన్నప్పుడే పిల్లలకు నేర్పుతాము. ఆ పాఠం అమలుకు గాజుపెంకులు, సీసా మూతలు అక్కడ కావలసినన్ని ఉన్నాయి.

సాయంత్రం చీకటి పడక ముందే పైకి చేరి ఉండాలి. మద్యం సేవించే గుంపులు వచ్చేది ఎక్కువగా సెలవు రోజుల మధ్యాహ్నం తర్వాతే. అందుచేత ఫజ్ర్ చదివి బయలుదేరి, ఎండ ముదరక ముందే నడక పూర్తిచేసే కుటుంబానికి ఆ బెడద ఉండదు. షిఫ్టు పనివారికి వారం మధ్యలో సెలవు దొరికితే ఇంకా మంచిది. కొత్త బాట పట్టే ముందు అటవీ సిబ్బందిని అడగండి, నలుగురికి తక్కువగా వెళ్ళకండి. దగ్గరలోని కోటపల్లి జలాశయంలో పడవ షికారు ఉంది. లైఫ్ జాకెట్ వేసుకుని పడవ ఎక్కడం వేరు, తెలియని నీటిలో ఈతకు దిగడం వేరు. రెండవది కుటుంబాలకు కుటుంబాలను ఏడిపించింది.

అనంతగిరి హిందూ సోదరులకు పవిత్ర స్థలం. అనంత పద్మనాభస్వామి ఆలయం కొండ మీదనే ఉంది. కార్తీక మాసపు జాతర రోజుల్లో దారులు, నీడలు, నీటి వసతులు యాత్రికులకే సరిపోవు. ఆ రోజుల్లో మనం వెళ్ళకపోవడం ఇరుగుపొరుగు మర్యాద. మిగతా రోజుల్లో కూడా ఆలయ కోనేరు మెట్ల మీద కూర్చుని తినడం, చేతులు కడగడం తగదు. నమాజుకు బాట పక్కన చదునైన చోటు బోలెడంత ఉంటుంది, దారికి అడ్డం కాకుండా చూసుకుంటే చాలు.

అడవి ఎవరి ఖాతాలో

ఈ కొండలకు ఆనుకుని పూడూరు మండలంలోని దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న భారత నావికాదళం వారి అతి తక్కువ పౌనఃపున్య సమాచార కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అందుకు కేటాయించిన అటవీ భూమి సుమారు 2,900 ఎకరాలు. సముద్రం అడుగున ఉండే జలాంతర్గాములతో సంభాషించడానికి ఇటువంటి కేంద్రం దేశ రక్షణకు అవసరమన్నది ప్రభుత్వ వాదన. చెట్లు పోతే మూసీ మూలం ఏమవుతుందన్నది స్థానికుల, పర్యావరణవాదుల ఆందోళన. 1996లో గండిపేట, హిమాయత్ సాగర్ పరీవాహక గ్రామాలను కాపాడడానికి తెచ్చిన 111వ జీవోను 2022లో ప్రభుత్వం సడలించినప్పుడూ ఇదే భయం వ్యక్తమైంది. ఏ వాదన సరైనదో తేల్చడం ఈ వ్యాసానికి మించిన పని. ఒక్కటి మాత్రం గమనించాను. ఆ అడవిలో నడిచినవారికే దాని గురించి ప్రశ్న పుడుతోంది. మాతో వచ్చిన తొమ్మిదవ తరగతి అమ్మాయి తిరుగు ప్రయాణంలో అడిగింది, “ఎర్రరాయి మీద చెట్లు లేకపోతే నీళ్ళు ఆగవు కదా అబ్బా, మరి గండిపేటకు ఎక్కడి నుండి వస్తాయి?” తండ్రి దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళాక పటం తీసి చూద్దామన్నాడు.

ఒక రోజంతా కేటాయించలేనివారు నర్సాపూర్ అడవితో మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్, మెదక్ రహదారి మీద, మన ప్రాంతం నుండి గుమ్మడిదల వైపు వెళ్తే గంట ప్రయాణం. 2020 జూన్ 25న ఆరవ విడత హరితహారం సందర్భంగా అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అక్కడ పట్టణ అటవీ ఉద్యానాన్ని ప్రారంభించారు. నడకకు చదునైన బాటలున్నాయి, కొండ ఎక్కుడు లేదు. మోకాళ్ళ నొప్పులున్న దాదీకి, తోపుడు బండిలోని పసివాడికి అది అనువైనది. పదిహేను రోజులకొకసారి రెండు గంటలు అక్కడ నడిచిన కుటుంబం మూడు నెలలకు అనంతగిరి లోయలోకి దిగి, ఎవరినీ రోడ్డు మీద వదలకుండా, పైకి రాగలుగుతుంది. మా నానీగారు అలాగే మొదలుపెట్టారు. మొదటి రోజు అరగంట, అందులో రెండుసార్లు బల్ల మీద విశ్రాంతి. ఆవిడ బూట్లు ఇప్పుడు మనుమరాలి బూట్ల పక్కనే గడప దగ్గర ఉంటున్నాయి.